హెడర్‌లో అతికించండి, హాయిగా ఉండండి

వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) టెంప్లేట్‌లో జావాస్క్రిప్ట్, అంటే బ్రౌజర్‌లో పేజీని ఆడించే కోడ్, ఎక్కడ పెట్టాలి అని అడిగేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. హెడర్‌లో, అంటే ప్రతి పేజీ మొదట్లో వచ్చే ఫైలులో, పెట్టాలి. ఇంకెక్కడ పెడతారు?

1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ ఈ భాష తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశారు. ఆయనకే లేని ఓపిక దాన్ని అతికించే మనకెందుకు?

వర్డ్‌ప్రెస్ వాళ్లు మాత్రం పట్టుబట్టి డబ్ల్యూపీ ఎన్‌క్యూ స్క్రిప్ట్ అనే ఫంక్షన్ ఒకటి ఇచ్చారు. ఏ స్క్రిప్ట్‌కు ఏది ముందు కావాలో చెబితే, ఆ వరుసలోనే, ఒక్కోదాన్ని ఒక్కసారే పేజీలోకి తెస్తుందట. పేరులోనే క్యూ ఉంది. అంత తీరిక ఎవరికుంది? హెడర్ ఫైలు తెరిచామా, హెడ్ ముగింపు ట్యాగ్ పైన చొప్పించామా, సేవ్ కొట్టామా, అంతే.

నేను చూసుకునే సైటు హెడర్‌లో పదమూడు స్క్రిప్టులున్నాయి. వాటిలో మూడు జేక్వెరీలే, అంటే ఒకే రెడీమేడ్ జావాస్క్రిప్ట్ లైబ్రరీ మూడుసార్లు. ఒకటి థీమ్‌తో (సైటుకు రూపం ఇచ్చే ఫైళ్లతో) వచ్చింది, ఇంకొకటి ఫొటోల స్లైడర్ వెంటబెట్టుకొచ్చింది, మూడోది ఆ రెండూ ఉన్నాయని చూసుకోకుండా నేను పెట్టింది. స్లైడర్‌ను పేజీలోంచి తీసేసి నాలుగేళ్లయింది. దాని స్క్రిప్ట్ మాత్రం రోజూ డ్యూటీకి వస్తుంది. తన ఫొటోల కోసం పేజీ అంతా వెతుకుతుంది, దొరక్కపోయేసరికి బ్రౌజర్ ఎర్రర్లు చూపే కన్సోల్‌లో ఎర్ర అక్షరాలతో ఏడ్చి వెళ్తుంది. దాని పైన పాత డెవలపర్ ఎవరో కామెంట్ పెట్టారు: "దీన్ని ముట్టుకోవద్దు." ఎందుకో రాయలేదు. ఓసారి ధైర్యం చేసి తీశాను. వెంటనే కాంటాక్ట్ ఫారంలో పంపే బటన్ చచ్చిపోయింది. స్లైడర్‌కూ ఫారానికీ ఏం చుట్టరికమో నాకు అంతు పట్టలేదు. ఎక్కడిది అక్కడే పెట్టేసి, ఆ కామెంట్ కింద "నిజమే" అని రాశాను. తర్వాత వచ్చేవాళ్లకు డాక్యుమెంటేషన్ ఉండాలి కదా.

డాలర్ గుర్తు సంగతి ఇంకా విచిత్రం. జేక్వెరీని అందరూ ఆ గుర్తుతోనే పిలుస్తారు. కానీ వర్డ్‌ప్రెస్‌తో పాటు వచ్చే జేక్వెరీ, వేరే లైబ్రరీ ఏదైనా డాలర్ నాది అంటే గొడవెందుకని, ముందే దాన్ని వదులుకుని కూర్చుంటుంది. దీన్ని నో కాన్‌ఫ్లిక్ట్ పద్ధతి అంటారు. దాని పెద్దరికం బాగానే ఉంది, ఎర్రర్ వచ్చేది మాత్రం మనకు: డాలర్ అనేది ఫంక్షన్ కాదు అని. డాలర్ బదులు జేక్వెరీ అని పూర్తి పేరు రాస్తే సరిపోతుంది. దానికన్నా నాలుగో జేక్వెరీ పెట్టడం తేలిక.

హెడర్ తాళం చేతిలో లేని రచయితలు స్క్రిప్ట్‌ను పోస్టులోనే అతికిస్తారు. వాళ్ల స్థాయి యూజర్లకు వర్డ్‌ప్రెస్ ఆ అనుమతి ఇవ్వదు. హానికరమైన కోడ్ ఎవరైనా పెడితే, అడ్మిన్ ఆ పేజీ తెరిచినప్పుడు అది అడ్మిన్ అధికారంతోనే నడుస్తుందని దాని భయం. అందుకని స్క్రిప్ట్ ట్యాగులు పీకేసి, లోపలి కోడ్‌ను అక్కడే వదిలేస్తుంది. పాఠకుడికి వ్యాసం మధ్యలో బ్రాకెట్లతో నిండిన వచన కవిత ఒకటి ఎదురవుతుంది. అది చదివి అర్థమైందన్నవాళ్లూ నాకు తెలుసు.

హెడర్‌లో స్క్రిప్ట్ కనబడితే బ్రౌజర్ మిగతా పేజీ చదవడం ఆపేసి, అది వచ్చి నడిచేదాకా కాచుకుంటుందని ఒక ఫిర్యాదుంది. స్క్రిప్ట్ ట్యాగులో డిఫర్ అని ఒక్క మాట చేరిస్తే పేజీ చదవడం అయ్యాకే, వరుస తప్పకుండా నడుస్తాయట. ఎసింక్ అయితే ముందొచ్చినదానిదే రాజ్యం. 2023లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.3 వెర్షన్ నుంచి ఆ ఎన్‌క్యూ ఫంక్షన్‌లోనే ఇవి అడగొచ్చు. నేను అడగలేదు. తెల్లటి పేజీని కాసేపు చూస్తే కళ్లకు విశ్రాంతి.

మొన్న పొరపాటున థీమ్ అప్‌డేట్ నొక్కాను. మన మార్పులను విడిగా దాచే చైల్డ్ థీమ్ పెట్టుకోనివాళ్లకు ఏమవుతుందో అదే అయింది: కొత్త హెడర్ ఫైలు వచ్చి పాతదాని మీద కూర్చుంది. నా పదమూడు స్క్రిప్టులూ గాల్లో కలిశాయి. సైటు రెప్పపాటులో తెరుచుకుంది. కన్సోల్‌లో ఒక్క ఎర్ర అక్షరం లేదు. ఫారం కూడా, ఏం మాయో, పనిచేస్తోంది. నాకు ఒకటే టెన్షన్. అర్ధరాత్రి దాకా కూర్చుని, బ్యాకప్ వెతికి, పదమూడూ తిరిగి అతికించి, స్లైడర్ ఏడుపు వినబడ్డాకే పడుకున్నాను.