హాజరైంది నాన్న ఒక్కడే

పిల్లల్ని బడి మానిపించి ఇంట్లోనే చదివించుకునే వాళ్ళ మీద జనానికి చాలా అపోహలున్నాయి, వాటిని తొలగించాల్సిన బాధ్యత నామీదుంది, ఎందుకంటే విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇల్లు కూడా అలాంటి ఉన్నత విద్యాసంస్థే. స్టూడెంట్లు ఇద్దరు, మావాడికి 15, అమ్మాయికి 13. ప్రిన్సిపాల్ మా ఆవిడ. లెక్కల మాస్టారు, బస్సు డ్రైవరు, క్యాంటీను, గంట కొట్టే అటెండరు, ఇవన్నీ నేను.

బడి ఎందుకు మానిపించాం అంటే ఒకటే కారణం, థర్మోకోల్. రాత్రి పదింటికి మావాడు తాపీగా వచ్చి "నాన్నా, రేపు అగ్నిపర్వతం మోడల్ పట్టుకెళ్ళాలి" అనేవాడు, షట్టర్ దించేస్తున్న షాపువాడి కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని షీట్లు తెస్తే వీడు పడుకునేవాడు, నేను కూర్చుని లావా పొయ్యాలి. ఇదా చదువు అని ఓ రాత్రి ఫెవికాల్ చేతుల్తోనే తీర్మానం చేసేశాం. ఇకనుంచి గంట ఉండకూడదు, టైంటేబుల్ ఉండకూడదు, పిల్లలు స్వేచ్ఛగా నేర్చుకోవాలి. ఆ వారంలోనే ప్రిన్సిపాల్ గారు టైంటేబుల్ ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి ఫ్రిజ్జుకి అంటించేశారు.

మొన్న సోమవారం సంగతే తీసుకోండి. ఎనిమిదింటికి ఫస్ట్ పీరియడ్, ఆ టైముకి క్లాసులో ఉన్నది నేనొక్కణ్ణే. మావాడు పదిన్నరకి లేచొచ్చి, టీనేజీలో మెలటోనిన్ అనే నిద్ర హార్మోను రాత్రి లేటుగా రిలీజవుతుందనీ, అంచేత పొద్దున్నే లేపడం అశాస్త్రీయమనీ బ్రష్ నోట్లో పెట్టుకునే లెక్చరిచ్చాడు. "చూశారా, బయాలజీ వాడంతట వాడే నేర్చేసుకున్నాడు" అని మా ఆవిడ మురిసిపోయి ప్రెజెంట్ వేసేసింది. సాయంత్రం ఫీల్డ్ ట్రిప్ అని బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ దగ్గరికి తీసుకెళ్తే గేటు మూసుంది, సోమవారం సెలవంట. సబ్‌మెరైన్‌కి కూడా వారానికో సెలవుంది. మురీ మిక్చర్ తినేసి వచ్చాం, రికార్డులో మాత్రం "స్థానిక ఆహార సంస్కృతి, ప్రాక్టికల్" అని రాసుకున్నాం.

లిఫ్టులో పక్కింటి ఆంటీ. "ఏటండీ, పిల్లల్ని బడి తీయించీసారంట, కేసు పెట్టరేటి?" నేను గొంతు సవరించుకుని, విద్యాహక్కు చట్టం 2009లో వచ్చిందండీ, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, అది 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకి, మావాడు దాటేశాడు, ఇప్పుడు ఓపెన్ స్కూల్లో టెన్త్ కడుతున్నాడు, అసైన్‌మెంట్లకే 20 శాతం మార్కులు అని గుక్క తిప్పుకోకుండా చెప్పా. చట్టం వాణ్ణి వదిలేసింది, నేను వదల్లేదు. 13 ఏళ్ళ అమ్మాయి సంగతి ఆంటీ అడగలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు. "అది సరే, మరి నలుగురితో కలవడం ఎలా అలవాటవుద్ది?" అంది దిగిపోతూ. బడిలో ఉన్నన్నాళ్ళూ ఈ పిల్ల డైరీలో ఎర్ర ఇంకుతో వచ్చిన కంప్లయింటు ఒకటే, క్లాసులో పక్కవాళ్ళతో మాట్లాడుతోందని.

ఇక మంగళవారం లాభనష్టాల పాఠం, స్థలం ఫిషింగ్ హార్బర్, టైము తెల్లవారుజాము 5. నిజానికి వేసవి సెలవులు సిన్సియర్‌గా పాటించేది అక్కడి బోట్లే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మా ఇంట్లో అలాంటి జీవో ఇంకా రాలేదు. నేల మీద ఐసు నీళ్ళు, కాళ్ళకింద జర్రున జారుతోంది, ఓపక్క రొయ్యల పాట జరుగుతోంది, మావాడు చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌తో నిలబడే నిద్రపోతున్నాడు. వంజరం ఒకటి తూకం వేయిస్తే 2 కిలోల 350 గ్రాములొచ్చింది, కిలో 720. "ఎంతైంది రా, చెప్పు" అన్నా. వాడు ఫోన్ తీసి లాక్ తెరిచి కాలిక్యులేటర్ వెతికేలోపు చేపలమ్మే ఆవిడ కత్తిపీటకి చేప ఆనించి, తలెత్తకుండానే "పదహారొందల తొంభై రెండు బాబూ, రెండు వదిలీ" అనేసింది. కాలిక్యులేటర్ కూడా తర్వాత తీరిగ్గా అదే చెప్పింది.

"ఏటి సదువుతన్నావు బాబూ?"

"హోమ్ స్కూలింగ్ అండీ."

"అంటే, బడి లేదా ఇల్లు లేదా?"

దీనికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. మా అమ్మాయి ఈలోగా "పిన్నీ, తలకాయి పులుసుకి ముక్కలు కొట్టీ, పదహారొందలు తీసుకో" అని బేరం చేసి 90 తగ్గించింది. ఆ పిల్లకి ఆ యాస ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు, సిలబస్‌లో లేదు.

బుధవారం నెట్ పోయింది, దాంతోపాటు విద్యావ్యవస్థా పోయింది.

గురువారం మళ్ళీ కురుసుర, ఈసారి గేటు తీసుంది. 1969లో నేవీలో చేరి, 71 యుద్ధం చూసి, 2001లో రిటైరై, ఆ మరుసటేడు నుంచి ఇసక మీద మ్యూజియంగా పడుంది, 91 మీటర్ల పొడవు. ఇందులో 75 మంది వారాల తరబడి నీళ్ళకింద బతికేవారు, క్రమశిక్షణ అంటే ఇదీ అని నేను నడుం వంచి ఓ గుండ్రటి తలుపులోంచి దూరుతూ చెప్తుంటే, వెనక నుంచి మావాడు, "వాళ్ళకి ప్రతి గదికీ గట్టిగా మూసుకునే తలుపుంది నాన్నా" అన్నాడు. మా ఇంట్లో వాడి గది తలుపుకి గడియ ఉండేది. మెలటోనిన్ లెక్చర్ రోజు సాయంత్రమే నేను పీకేశా.

శుక్రవారం స్టూడెంట్లు సమ్మె నోటీసిచ్చారు, గడియ బిగించాలి, శని ఆదివారాలు సెలవివ్వాలి అని. జీవితమంతా నేర్చుకోవడమే కదా, దానికి సెలవేంటి అని మా ఆవిడ. అయితే సోమవారాలు కూడా జీవితంలో భాగమే కదా, దానికి ఎనిమిదింటికి హాజరేంటి అని అమ్మాయి. చర్చలు రెండ్రోజులు నడిచి, చివరికి పుస్తకాలు పక్కనపెట్టి చేత్తో చేసే పని ఏదైనా చేద్దామని రాజీ కుదిరింది. ఏం చేద్దాం అంటే కురుసుర మోడల్ అన్నాడు వాడే, ఉత్సాహంగా, మీటరుకి ఒక సెంటీమీటరు స్కేలులో.

ఆదివారం రాత్రి పదకొండున్నర. పిల్లలిద్దరూ పడుకున్నారు. 91 సెంటీమీటర్ల థర్మోకోల్ డైనింగ్ టేబుల్ మీద పట్టక తోక కుర్చీ మీద ఆనించి కోస్తున్నా. మా ఆవిడ మంచినీళ్ళకని వచ్చి ఓ క్షణం నిలబడి చూసి, "పెరిస్కోప్ వంకరగా ఉందండీ" అని లైటు ఆపకుండా వెళ్ళిపోయింది.