రేకులు కాదు, పాత తారు వాడండి

అమెరికాలో ఇళ్ల పైకప్పులకు వేసే షింగిల్స్‌ పాతబడి పీకేశాక వాటిని పొడి చేసి రోడ్డు తారులో కలుపుతారు. మనమూ అలా చేస్తే తుపాన్లకి పగిలిన సిమెంటు రేకులన్నీ రోడ్డు పనికొస్తాయి కదా అని ఒడిశాలోని పర్లాకిమిడి వైపు కొందరు అంటున్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు.

షింగిల్‌ అంటే తారు పట్టించి, పైన రాతి రవ్వ చల్లిన అట్ట లాంటిది. దాని బరువులో దాదాపు ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా తారే ఉంటుంది కాబట్టే రోడ్డుకి పనికొస్తోంది. అది కూడా బాగా గట్టిపడిన తారు. పాళ్లు మించితే చలికి రోడ్డు బీటలు వారుతుందని అక్కడ చాలా రాష్ట్రాలు మొత్తం మిశ్రమంలో 5 శాతం దగ్గరే ఆపేస్తాయి. పాత షింగిల్స్‌లో ఊపిరితిత్తులకి చేటు చేసే ఆస్‌బెస్టాస్‌ నార ఉందేమో పరీక్ష చేశాకే మరలో వేస్తారు.

మన సిమెంటు రేకుల్లో తారు చుక్క కూడా లేదు, ఉన్నది సిమెంటూ ఆస్‌బెస్టాస్‌ నారా. 2013లో ఫైలిన్‌ తుపానుకి, 2018లో తిత్లీ తుపానుకి గంజాం, గజపతి జిల్లాల్లో ఎన్ని కప్పులు ఎగిరిపోయాయో అందరికీ తెలుసు. ఆ ముక్కల్ని దంచితే లేచే ధూళి ఊపిరితిత్తుల్లో దిగి, ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడొచ్చు, ముందు బలయ్యేది మర దగ్గర పనిచేసే కూలీలే.

మరి మనకి షింగిల్‌ లాంటిది ఏదంటే, కాళ్ల కింద ఉన్న పాత రోడ్డే. వీధి పాడైన ప్రతిసారీ పాత పొర మీదే కొత్త పొర వేసుకుంటూ పోతున్నారు. పాత వీధుల్లో చూడండి, ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లు ఇప్పుడు రోడ్డు కంటే కిందకి దిగిపోయాయి. వానొస్తే నీళ్లు లోపలికి రాకుండా గుమ్మానికి అడ్డంగా ఇటుకలు పేర్చి సిమెంటు పూసుకున్నారు. పాత పొరని మిల్లింగ్‌ మెషీన్‌తో గీకేస్తే ఆ ఎత్తు పెరగదు, పైగా గీకిన ప్రతి 100 కిలోల్లో 5 కిలోల దాకా తారు, మిగతాదంతా మంచి కంకర. దాన్ని కొత్త రోడ్డు మిశ్రమంలో కలిపితే ఆ మేరకు కొండలు తవ్వాల్సిన పని తగ్గుతుంది, విదేశాల నుంచి తెచ్చుకునే తారూ మిగులుతుంది.

ఇదేం కొత్త ప్రయోగం కాదు, రోడ్ల పనికి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే ఐఆర్‌సీ 120 పేరుతో పద్ధతి రాసిపెట్టింది. అయితే జాగ్రత్తలున్నాయి. పాత తారు మీద నేరుగా మంట తగిలితే మాడి పొగైపోతుంది, అందుకని తారు, కంకర కలిపే ప్లాంటులో దాన్ని వేడెక్కించే ఏర్పాటు వేరేగా ఉండాలి. గట్టిపడిన తారుకి జోడీగా వీజీ-10 లాంటి మెత్తటి రకం కొత్త తారు గానీ, దాన్ని మెత్తబరిచే నూనె గానీ కలపాలి. చిన్న మున్సిపాలిటీకి సొంత మెషీన్‌ కొనడం భారమే, అది నిజం. కానీ హైవే పనులు చేసే పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర ఆ మెషీన్లున్నాయి, అద్దెకి తేవచ్చు, పది వీధుల పని ఒకేసారి పిలిస్తే గిట్టుబాటవుతుంది కూడా.

కాబట్టి వచ్చే టెండర్లోనే ఎంత లోతు గీకాలో రాయండి. గీకిన సరుకు ఎన్ని టన్నులో, ఏ ప్లాంటుకి వెళ్లిందో వేబ్రిడ్జి చీటీ బిల్లుకి జతచేస్తేనే డబ్బు విడుదల చెయ్యండి.