రెండో గిటారు గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ముందుగా మీ విధేయతకి జోహార్లు. పక్కనాయన జీ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టీ పట్టగానే మీరూ అదే జీ, గిటారు మెడ మీద అదే మూడో ఫ్రెట్ (అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర, అదే ఊపుతో పట్టేస్తారు. ఆయన తానా అంటే మీరు తందానా. వినేవాళ్ళకి మాత్రం ఒకే గిటారు కాస్త గట్టిగా, కాస్త అపశ్రుతిగా మోగినట్టుంటుంది. టీ టిఫిన్లు ఇద్దరికీ విడివిడిగానే పెట్టాలనుకోండి.

మీ వంశానికి అప్రతిష్ఠ తెచ్చిన రికార్డొకటి ఉంది. 1966లో లండన్‌లో గిటారు విద్వాంసులు బెర్ట్ జాన్ష్, జాన్ రెన్‌బోర్న్ కలిసి చేసిన 'బెర్ట్ అండ్ జాన్'. ట్రాన్స్‌అట్లాంటిక్ అనే రికార్డు కంపెనీ వాళ్ళు విడుదల చేశారు, బిల్ లీడర్ రికార్డు చేశాడు, అదీ స్టూడియోలో కాదు, ఇంట్లో. పన్నెండు ముక్కలు, మొత్తం కలిపి అరగంట కూడా ఉండదు. అందులో రెండో గిటారు ఎవరిదో చెప్పండి చూద్దాం! ఒకరు పైన వరస ఎత్తుకుంటే ఇంకొకరు లావు తీగల మీద నడక పట్టుకుంటారు. నాలుగు చరణాలు గడిచేలోపు ఆ పని ఈయనకి, ఈ పని ఆయనకి మారిపోయి ఉంటుంది. జాజ్ స్వరకర్త చార్లెస్ మింగస్ 1959లో శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ జ్ఞాపకంగా కట్టిన 'గుడ్‌బై పోర్క్ పై హ్యాట్' శాక్సఫోన్లున్న జాజ్ బృందం కోసం. దాన్నీ ఈ ఇద్దరే లాక్కొచ్చారు. అట్ట మీద ఫొటోలో ఇద్దరూ గో అనే రాళ్ళాట ఆడుతుంటారు. ఒకరి రాయి ఉన్న చోట ఇంకొకరు రాయి పెట్టకూడదన్నది ఆ ఆటలో మొదటి సంగతి. మీకెవరూ చెప్పినట్టు లేదు.

మీ చేత పెద్దగా కొనిపించేది కూడా ఏమీ లేదు, తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్పు, ఒక కాపో చాలు. ఆయన మామూలు జీ మోగిస్తుంటే మీరు ఐదో ఫ్రెట్‌కి కాపో బిగించి, డీ కార్డుకి వేళ్ళు పెట్టే ఆకారం పట్టండి. మోగేది జీనే, కానీ పై అంతస్తులో. ఆయన సీకి వెళ్తే మీకు జీ ఆకారం, డీకి వెళ్తే ఏ ఆకారం. కాపోని రెండు ఫ్రెట్ల నడుమ తాపీగా పడుకోబెట్టకండి, ఫ్రెట్ కమ్మీ వెనకే ఆనినట్టు పెట్టండి. అతిగా బిగిస్తే తీగ సాగి శ్రుతి పెరుగుతుంది, లావు తీగల్లో మరీను. ఒకే స్వరానికి ఆయన తీగ సెకనుకి 440 కంపనాల దగ్గర, మీది 442 దగ్గర ఉంటే స్వరం సెకనుకి రెండుసార్లు ఊగుతుంది. ఒంటరిగా వాయించినంతసేపూ ఆ జబ్బు బయటపడదు. కాబట్టి శ్రుతి చూసుకోవడం కాపో పెట్టాకే, ఇద్దరూ కలిసే. ముందెప్పుడో చూసుకున్నాంలే అంటే కుదరదు.

ఇక తమరి బొటనవేలు. వేళ్ళతో మీటే ఫింగర్‌పికింగ్‌లో అది అన్నిటికన్నా లావైన ఆరో తీగ, నాలుగో తీగ అంటూ తాళం వేస్తూనే ఉంటుంది. రెండు బొటనవేళ్ళు ఒకే దెబ్బ మీద ఒకే లావు తీగని కొడితే మిగిలేది బురద. ఆయన లావు తీగల మీద నడుస్తున్నప్పుడు మీ వేలు నాలుగో తీగ దాటి అటు వెళ్ళకపోతే కొంపేమీ మునగదు. పాట మొత్తం వాయించి తీరాలన్న జీవో కూడా ఎక్కడా లేదు. ఎనిమిది తాళపు ఆవర్తాలు చేతులు కట్టుకుని కూర్చుంటే జీతం కోయరు.

రికార్డింగ్ అంటే మైకుని గిటారు పొట్ట మీది గుంతకి ఎదురుగా పెట్టించుకునే మీ సరదా కూడా తెలుసు. అక్కడ గాలి ఊగి, లావు స్వరాలు గుయ్యిమంటాయి. పన్నెండో ఫ్రెట్ వైపుకి తిప్పి ముప్పై సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. మీ మైకుకీ ఆయన మైకుకీ నడుమ దానికి మూడింతలు, అంటే తొంభై సెంటీమీటర్లైనా ఉండాలి. లేదంటే ఒకరి శబ్దం ఇంకొకరి మైకులో ఆలస్యంగా దూరి, కలిపి వింటే రెండు గిటార్లూ డొల్లగా వినిపిస్తాయి. ఎంత స్నేహమున్నా ఒళ్ళో కూర్చోవద్దు.

ఇట్లు,
మొదటి గిటార్ల సంఘం

తా.క. తీగలు మారిస్తే ఇద్దరూ ఒకే రోజు మార్చండి. ఆయనవి తళతళలాడుతుంటే మీవి మూడు నెలల తుప్పుతో మూలుగుతున్నాయి. కొత్త తీగల్ని వేలితో మెల్లగా లాగి, మళ్ళీ శ్రుతి చేసి, ఇంకోసారి లాగండి. ఆ పని కచేరీ మొదలయ్యాక మాత్రం వద్దు.