పదిహేను వేలకు యుద్ధనౌక అంటున్నారు, ఆ లెక్క చూద్దాం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి తెలుగు కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక లెక్క తిరుగుతోంది. "రిమోట్‌తో నడుస్తూ నిజంగా గుండ్లు పేల్చే యుద్ధనౌక మోడల్ పదిహేను వేలకే! బాడీ 4,000, రిమోట్ 1,500, మోటార్లు, బ్యాటరీ 3,000, పెయింటు, పైహంగులు 3,000, గన్నులు 2,500, చిల్లర 1,000. మొదటిదే యమాటో కట్టండి, పెద్దదైతే మునగదు." కూడిక తప్పు లేదు. తప్పంతా పద్దుల్లోనే ఉంది.

ఈ ఆట 1970ల చివర్లో అమెరికాలో మొదలైంది. గత శతాబ్దం తొలి సగంలోని నిజమైన యుద్ధనౌకలను 1:144 కొలతలో, అంటే అసలులో 144వ వంతు సైజులో కట్టి, చెరువులో ఉక్కు గుండ్లతో ఒకదాన్నొకటి ముంచుకుంటారు. మునిగినదాన్ని పైకి తీసి, చిల్లులు పూడ్చి మళ్లీ దింపుతారు.

"పెద్దదైతే మునగదు" అన్నది ముందు చూద్దాం. జపాన్ వాళ్ల అసలు యమాటో పొడవు 263 మీటర్లు, అంటే మోడల్ 1.83 మీటర్లు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 144వ వంతుకు తగ్గుతాయి కాబట్టి 72,000 టన్నుల బరువు ఈ కొలతలో 24 కిలోలకు వస్తుంది. దాన్ని ఆటోలో ఎలా తీసుకెళ్తారు? నీళ్లు నిండి అడుగున కూర్చున్నాక ఎవరు లాగుతారు? పైగా ఎంత పెద్ద ఓడైతే గురి చూసేవాడికి అంత సుఖం. కొత్తవాళ్లకు జర్మన్ల వాన్ డెర్ టాన్ లాంటి మధ్యరకం నయం. అది మోడల్‌లో 1.2 మీటర్లు, సుమారు ఏడు కిలోలు. మరీ చిన్న క్రూయిజర్ కూడా వద్దు, సామానంతా అందులో ఇరికించలేక చస్తాం.

ఇక "గన్నులు 2,500". ఇది చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. గన్ను అంటే గొట్టం ఒక్కటే కాదు. గుండును తోసే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సీసా (చిన్న సిలిండర్), రెగ్యులేటర్, వాల్వులు, వాటిని తెరిచే సర్వోలు (చిన్న మోటార్లు), ఒత్తిడికి ఆగే ట్యూబులు, ఫిట్టింగులు, అన్నీ కలిస్తేనే గన్ను. 20 డిగ్రీల దగ్గరే సీసాలో ఒత్తిడి 57 బార్, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు 57 రెట్లు ఉంటుంది. గన్నుకు వెళ్లాల్సింది సుమారు 10 బార్. ఒత్తిడిని అంతకు తగ్గించేది రెగ్యులేటర్, ఫార్వర్డ్‌లో దాని ఊసే లేదు. పైగా "సోడా షాపులో గ్యాస్ పట్టించుకోండి" అని ఉచిత సలహా ఒకటి! ఈ గ్యాస్ 31 డిగ్రీలు దాటితే ద్రవంగా ఉండదు. సీసా నిండుగా ఉంటే ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. మన గంజాం ఎండలో మే నెలలో గట్టు మీద పెట్టిన సీసా ఎంత వేడెక్కుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే తూకం వేసి, ఖాళీ వదిలి, తెలిసినవాళ్లే నింపాలి. ఒత్తిడి హద్దు దాటితే ముందే పగిలి గ్యాస్‌ను వదిలేసే సేఫ్టీ డిస్క్ సీసాకు ఉండి తీరాలి. ఈ భాగాలు చాలావరకు విదేశాల నుంచే తెప్పించుకోవాలి. షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే ఈ ఒక్క పద్దే మిగతా లెక్కను మింగేస్తుంది. గట్టు మీద నిలబడే ప్రతి ఒక్కరికీ కళ్లద్దాలు కూడా ఇందులోనే రాసుకోండి, ఎందుకంటే ఉక్కు గుండు నీటి మీద తగిలి ఎటైనా ఎగురుతుంది.

"1,500 రిమోట్" బొమ్మ కారుకు సరిపోతుంది. ఇక్కడ వేగం, చుక్కాని, పంపు, ముందు గన్ను, వెనక గన్ను, అన్నిటికీ విడివిడిగా చానెల్ కావాలి. ఆరు చానెళ్ల 2.4 గిగాహెర్ట్జ్ సెట్టు నాలుగైదు వేలు అవుతుంది. అది రేపు రెండో ఓడకూ పనికొస్తుంది కాబట్టి ఇక్కడ కక్కుర్తి పడొద్దు.

"పక్కలకు ప్లైవుడ్ వేస్తే బాల్సా ఖర్చు మిగులు" అని కింద ఎవరో కలిపారు. బాల్సా అంటే తేలికైన మెత్తని చెక్క. మరి గుండు దూరకపోతే ఇంక ఆటేముంది? చిన్న గుండ్లతో ఆడే పద్ధతిలో పక్కలకు వేసేది 0.8 మిల్లీమీటర్ల బాల్సా. అది చిల్లులు పడటానికే ఉంది. ఒకసారి కొని వదిలేసేది కాదు, ప్రతి ఆట తర్వాతా అతుకులు, కొన్నాళ్లకు కొత్త బాల్సా పలక. లోపలికొచ్చిన నీళ్లను తోడే పంపు అసలు లెక్కలోనే లేదు.

పెయింటు, పైహంగులకు 3,000 దండగ. అంత అలంకారం ఒడిశాలో కార్తీక పున్నమికి నీళ్లలో వదిలే బొయిత (చిన్న బొమ్మ పడవ)కు చేసుకోవచ్చు. బాడీకి 4,000 మాత్రం ఒప్పుకుంటాను. గోపాల్‌పూర్ తీరంలో ఫైబర్ తెప్పలు బాగుచేసేవాళ్లను అడిగితే మ్యాటు (గాజునార పట్టా), రెజిన్ (దాన్ని గట్టిపరిచే జిగురు) ఎక్కడ దొరుకుతాయో చెబుతారు, పని కూడా నేర్పుతారు. అలాగని అక్కడి బ్యాక్‌వాటర్‌లో దింపకండి. ఉప్పు నీళ్లకు మోటార్లు పోతాయి, మునిగిన ఓడ ప్రవాహానికి పోతుంది. నడుము లోతు మంచినీటి ప్రైవేటు చెరువు, యజమాని ఒప్పుదల, జనం లేని వేళ, ఈ మూడూ కుదరాలి.

నిజంగా పదిహేను వేలే ఉంటే గన్నులు లేని సరుకు ఓడ కట్టండి. ఈ ఆటలో సరుకు చేరవేస్తూ తప్పించుకునే ఓడలకూ చోటుంది. రేడియో, మోటారు, పంపు, బాల్సా అన్నీ అలవాటవుతాయి, గ్యాస్ టెన్షన్ ఉండదు. ఇంకో మాట, మన ఊళ్లో ఎదుటి ఓడ ఎవరిది? కొనేముందు తోడుగా ఒకరిని ఒప్పించండి. ఇద్దరూ ఒకే రకం బ్యాటరీ, పంపు, సర్వోలు తీసుకుంటే స్పేర్లు ఒక్క సెట్టు చాలు.