నలభైకి చేరువలో రైల్వే కొలువు: విశాఖలో వేసుకోవాల్సిన లెక్క

విశాఖలో ఈ మధ్య ముప్పై ఐదు దాటినవాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే మాట రైల్వే మీదికి మళ్లుతోంది. కారణం తెలిసిందే. 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్ ఆరేళ్లు కాగితాల మీదే ఉండిపోయింది. 2025 జనవరి 8న ప్రధాని నగరానికి వచ్చి ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన చేశాక కదలిక మొదలైంది. మరుసటి నెలలోనే వాల్తేరు డివిజన్‌లో కొంత భాగాన్ని విశాఖపట్నం డివిజన్ పేరుతో కొత్త జోన్‌లో ఉంచడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఇటు ఉక్కు కర్మాగారంలో అదే ఏడాది స్వచ్ఛంద పదవీ విరమణలు, కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు. గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో ఉంటూ పదిహేనేళ్లు వెల్డింగ్ చేసిన మనిషి ఇప్పుడు రైల్వే వైపు చూడటంలో వింతేముంది? పరవాడ ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసి అలిసిపోయినవాళ్లు, నేవీ నుంచి ముప్పై ఐదేళ్లకే పింఛనుతో బయటికొచ్చినవాళ్లు కూడా అటే చూస్తున్నారు.

ఇలాంటివాళ్లకు మన దగ్గర దొరికే సలహాలు రెండే. ‘ఏటి బావా, వయసు దాటిపోనాది కదా’ అని ఒకరు కొట్టిపారేస్తారు. ‘గవర్నమెంటు ఉద్యోగం, వదలకు’ అని ఇంకొకరు ఎగదోస్తారు. ఇద్దరూ లెక్క వేయరు. నలభై ఏళ్ల మనిషి వెనక ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు ఉంటాయి కాబట్టి ఆ లెక్క ఎవరో ఒకరు వేయాలి.

ముందు జోన్ మీద పెట్టుకున్న ఆశ సంగతి. జోన్ అంటే ప్రధానంగా పాలనా కార్యాలయం. అందులో కూర్చునే సిబ్బందిలో ఎక్కువమంది ఇప్పటికే రైల్వేలో పనిచేస్తూ బదిలీ మీద వచ్చేవాళ్లే. కొత్తవాళ్లను తీసుకునేది రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డుల దేశవ్యాప్త నోటిఫికేషన్ల ద్వారా. పైగా విశాఖ డివిజన్‌కు మిగిలింది సుమారు 410 కిలోమీటర్లే. కొత్తవలస నుంచి అరకు మీదుగా బచేలి వైపు వెళ్లే లైను తూర్పు కోస్తా రైల్వేలోని రాయగడ డివిజన్‌కు పోయింది. జోన్ వచ్చింది కాబట్టి మనవాళ్లకు పోస్టులు పడతాయన్న ఊహ మీద ఇప్పుడున్న పని మానుకోవడం చాలా ప్రమాదకరం.

ఇక వయసు. లెవెల్-1 పోస్టులకు, అంటే జనం ఇప్పటికీ గ్రూప్-డి అని పిలిచేవాటికి, సాధారణ గరిష్ఠ వయసు 33. కోవిడ్ వల్ల అవకాశాలు పోయాయని 2025 జనవరిలో వచ్చిన 32,438 పోస్టుల నోటిఫికేషన్‌లో ఒక్కసారికి మూడేళ్లు పెంచి 36 చేశారు. ఓబీసీలకు దాని మీద మరో మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు. అంటే 39 ఏళ్ల బీసీ అభ్యర్థి, 41 ఏళ్ల ఎస్సీ అభ్యర్థి కూడా ఆ నోటిఫికేషన్‌కు అర్హులయ్యారు. ఈ సంగతి తెలియక దరఖాస్తే చేయనివాళ్లు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు. అసిస్టెంట్ లోకో పైలట్ తలుపు మాత్రం ముందే మూసుకుంటుంది. అక్కడ మామూలు పరిమితి 30. మధ్య వయసులో రైలు నడపాలన్న కోరికను ఈ దారిలో తీర్చుకోలేం.

ఆ వయసులో చేరడం కుదరని పని అనేవాళ్లకు 2019 నోటిఫికేషన్‌ను గుర్తుచేయాలి. ఆ ఏడాది మార్చిలో 1,03,769 లెవెల్-1 పోస్టులు ప్రకటించారు. పరీక్ష జరిగింది 2022 ఆగస్టు నుంచి అక్టోబరు వరకు. ముప్పై మూడేళ్లకు దరఖాస్తు పెట్టినవాడు ముప్పై ఆరేళ్లకు పరీక్ష రాసి, ఆ తర్వాతి ఏడాదిలో సుత్తి పట్టుకున్నాడు. నడివయసు కొత్త ఉద్యోగులను రైల్వేనే తన జాప్యంతో తయారుచేసింది. వాళ్లు ఇప్పుడు పట్టాల మీద పనిచేస్తూనే ఉన్నారు.

అయితే ఆ జాప్యానికి మూల్యం చెల్లించేది అభ్యర్థే. 2025 జనవరి నోటిఫికేషన్ పరీక్షలు కూడా ఆ ఏడాది నవంబరు చివర్లో గానీ మొదలుకాలేదు. దరఖాస్తులేమో కోటి దాటాయి. కాబట్టి ఉన్న పని మానేసి కోచింగ్‌లో కూర్చోవడం నడివయసులో చేయకూడని పని. తొంభై నిమిషాల్లో వంద ప్రశ్నలు, పదో తరగతి స్థాయి, తెలుగులో రాసుకోవచ్చు. షిఫ్టు అయ్యాక రోజూ రెండు గంటలు పాత లెక్కల పుస్తకం ముందేసుకుంటే సరిపోయే పరీక్ష ఇది. నాకు తెలిసిన ఒక ఫిట్టర్ తన కూతురి తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంతోనే చదువుతున్నాడు, డౌటు వస్తే ఆ అమ్మాయే చెబుతుంది.

డబ్బు లెక్కకు వద్దాం. లెవెల్-1 మూల వేతనం 18,000. 2025 జూలై నాటి 58 శాతం కరవు భత్యం, విశాఖలాంటి నగరానికి 20 శాతం ఇంటి అద్దె భత్యం కలిపితే 32,000 దాటుతుంది. అందులో మూల వేతనం, కరవు భత్యం మీద పింఛను వాటాగా పది శాతం కోత. అనుభవమున్న ఫిట్టర్‌కు ఇదేమీ పెద్ద ఎగబాకుడు కాదు, కొందరికి తగ్గుదల కూడా కావచ్చు. రైల్వే ఆసుపత్రి, పాసులు, క్వార్టర్స్, నెల నెలా తప్పని జీతం దాని పక్కన పెట్టి చూడాలి. కాంట్రాక్టరు బిల్లు రాలేదని రెండు నెలలు జీతం ఆగిన ఇంటికి ఆ చివరిది ఎంత విలువైనదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

పింఛను దగ్గర మాత్రం వయసు గట్టిగా దెబ్బకొడుతుంది. 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఏకీకృత పింఛను పథకంలో చివరి పన్నెండు నెలల సగటు మూల వేతనంలో సగం రావాలంటే పాతికేళ్ల సర్వీసు ఉండాలి. అరవైకి రిటైర్‌మెంట్ కాబట్టి ముప్పై ఐదేళ్లకల్లా చేరితేనే అది పూర్తిగా అందుతుంది. ముప్పై ఏడులో చేరితే దామాషా ప్రకారం 46 శాతం, నలభైలో చేరితే 40 శాతం. పదేళ్ల సర్వీసుంటే కనీసం పదివేలకు హామీ ఉంది. పదోన్నతి రాకపోయినా పదేళ్లకోసారి ఇచ్చే ఆర్థిక ఉన్నతి, అంటే పై స్థాయి జీతం, నలభైలో చేరినవాడికి రెండోసారి అందేసరికి రిటైర్‌మెంట్ పార్టీ జరుగుతుంటుంది. నా లెక్కలో ముప్పై ఐదు లోపు అయితే కచ్చితంగా ప్రయత్నించాలి. ముప్పై ఐదు నుంచి నలభై మధ్య అయితే, ఇప్పుడున్న పనికి పీఎఫ్, భద్రత లేకపోతేనే దీనికి అర్థం ఉంది.

ఇదంతా కాగితం మీది లెక్క. ఒంటి లెక్క వేరే. మగవాళ్లు 35 కిలోల బరువు మోస్తూ రెండు నిమిషాల్లో, మధ్యలో దించకుండా, వంద మీటర్లు దాటాలి. ఆ తర్వాత కిలోమీటరును 4 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆడవాళ్లకు 20 కిలోలు, 5 నిమిషాల 40 సెకన్లు. ఇరవై రెండేళ్ల కుర్రాడి కొలమానాన్నే నలభై ఏళ్లవాడికీ పెడతారు. ఆ తర్వాత కళ్లు. రైళ్లు లైను మారేచోట పనిచేసే పాయింట్స్‌మన్‌గా వెళ్లాలంటే కళ్లద్దాలు లేకుండానే దూరపు చూపు సరిగ్గా ఉండాలి. పట్టాల బాగోగులు చూసే ట్రాక్ మెయింటెయినర్ అయితే కళ్లద్దాలు పెట్టుకోవచ్చు. వర్క్‌షాప్ సహాయకులకు ఇంకా సడలింపు ఉంది.

ట్రాక్ మెయింటెయినర్ అంటే ఏం పనో తెలియాలంటే తెల్లవారుజామున సింహాచలం స్టేషన్ దాటాక లైను పక్కన కాసేపు నిలబడాలి. పట్టాలను రోజూ నడిచి తనిఖీ చేసే కీమేన్ ఒక్కడే వస్తుంటాడు. భుజం మీద పొడుగు సుత్తి, చేతిలో స్పానర్, సంచిలో ఎర్రజెండా, పచ్చజెండా, ప్రమాదముంటే రైలును హెచ్చరించడానికి పట్టా మీద పెట్టే డిటొనేటర్లు. కళ్లు పట్టా మీదినుంచి కదలవు. వదులైన క్లిప్పు కనిపిస్తే ఆగి రెండు దెబ్బలు వేసి బిగిస్తాడు, చేత్తో తడిమి చూసి ముందుకు నడుస్తాడు. తన బీటు చివరిదాకా ఒక పట్టా చూసుకుంటూ వెళ్లి, తిరుగు ప్రయాణంలో రెండోది చూసుకుంటూ వస్తాడు. కంకర మీద నడక మామూలు నడక కాదు, ప్రతి అడుగూ చీలమండను పరీక్షిస్తుంది. వెనకనుంచి రైలొస్తే పక్కకు తప్పుకోవడం ఎవరూ గుర్తుచేయరు. మే నెల ఎండలో, అక్టోబరు తుపాను వానలో కూడా ఇదే. నేను చూసిన మనిషికి యాభై దాటి ఉంటాయి, కానీ ఆయన కాళ్లు ఇరవై ఏళ్లుగా ఆ కంకరకు అలవాటుపడ్డాయి. నలభైలో కొత్తగా మొదలుపెట్టే కాళ్లకు ఆ అలవాటు ఉండదు. వెల్డర్‌కో, ఎలక్ట్రీషియన్‌కో నేను చెప్పేది, పోస్టుల ప్రాధాన్యం రాసేటప్పుడు వర్క్‌షాపులు, లోకో షెడ్లు, సిగ్నల్ విభాగాన్ని ముందు పెట్టండి. విశాఖలో డీజిల్, ఎలక్ట్రిక్ లోకో షెడ్లు, వడ్లపూడి వ్యాగన్ వర్క్‌షాప్ ఉన్నాయి. చేతిలో ఉన్న విద్య అక్కడ పనికొస్తుంది. అయితే పోస్టింగ్ ఇక్కడే వస్తుందని ఎవరూ రాసివ్వరు.

రాత్రి డ్యూటీల సంగతి ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. ప్రమాదం సంగతి కూడా. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజర్ ముందున్న పలాస ప్యాసింజర్‌ను ఢీకొట్టి 14 మంది చనిపోయారు. వాళ్లలో వెనక రైలు లోకో పైలట్, అసిస్టెంటు కూడా ఉన్నారు. వాళ్ల ఇళ్లవాళ్లు ఆ ఆదివారం డ్యూటీకి మామూలుగానే పంపి ఉంటారు.

నలభై దాటాక కూడా రైల్వే తలుపు తెరిచి ఉండేది ముఖ్యంగా రెండు రకాలవాళ్లకు. మొదటివాళ్లు మాజీ సైనికులు. వయసులోంచి సర్వీసు కాలాన్ని, దాని మీద మరో మూడేళ్లను తీసేసి చూస్తారు. పైగా లెవెల్-1లో వాళ్లకు 20 శాతం రిజర్వేషన్. తూర్పు నౌకాదళ కేంద్రమైన మన ఊళ్లో ఇరవై ఏళ్లు పనిచేసి నలభై రెండేళ్లకు బయటికొచ్చిన నావికుడు కూడా అర్హుడే. రెండో రకం, భర్త డ్యూటీలోనో జబ్బుతోనో పోతే కారుణ్య నియామకం కింద చేరే ఆడవాళ్లు. నడివయసులో ఉద్యోగ జీవితం మొదలుపెట్టడమంటే ఏమిటో అందరికంటే బాగా తెలిసింది వాళ్లకే. పదో తరగతితో చదువు ఆపేసి ఇరవై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషి ఏడాది తిరక్కుండా హాజరు పుస్తకంలో సంతకం పెట్టి, ఫైలు మోసి, కంప్యూటర్ నేర్చుకుని, కొందరైతే విభాగ పరీక్షలు రాసి గుమాస్తాలవుతారు. నలభైలో కొత్త పని నేర్చుకోలేరన్న మాటకు వాళ్ల రోజువారీ డ్యూటీయే జవాబు.

మిగతావాళ్లలో ఎక్కువమందికి మిగిలేది కాంట్రాక్టు దారి. కోచ్‌ల శుభ్రత, విద్యుత్ లైన్ల నిర్వహణ, విజయనగరం–టిట్లాగఢ్ మూడో లైను, కొత్తవలస–కోరాపుట్ డబ్లింగ్ లాంటి నిర్మాణాలు. వీటితోపాటు పోర్టుకు, ఉక్కు కర్మాగారానికి లోపల సొంత రైలు మార్గాలు, లోకోలు ఉన్నాయి. చేతిపని ఉన్నవాడికి ఇక్కడ పని దొరుకుతుంది. కానీ మెడలో ఉన్న కార్డు మీద రైల్వే పేరు కనిపించినంత మాత్రాన అది రైల్వే ఉద్యోగం కాదు. చేరేముందు కాంట్రాక్టు గడువు ఎప్పటిదాకా ఉందో అడగాలి. మొదటి నెల జీతం పడగానే పీఎఫ్ జమ అయ్యిందో లేదో ఫోనులో చూసుకోవాలి. కాంట్రాక్టర్లు కార్మికుల వేతన వివరాలు నమోదుచేయాల్సిన ‘శ్రామిక్ కల్యాణ్’ పోర్టల్ రైల్వేకు ఉంది. అందులో తన పేరు ఉందా అని అడిగే హక్కు ప్రతి కార్మికుడికీ ఉంది.

దళారుల గురించి ఒక్క మాట. 2022 డిసెంబరులో బయటపడిన మోసంలో తమిళనాడుకు చెందిన 28 మంది యువకులు రెండు కోట్లకు పైగా పోగొట్టుకున్నారు. శిక్షణ అని చెప్పి వాళ్లను న్యూఢిల్లీ స్టేషన్‌లో రోజుకు ఎనిమిది గంటలు, నెలపాటు, వచ్చే రైళ్లనూ పోయే రైళ్లనూ లెక్కపెట్టించారు. వయసు దాటిపోతోందన్న భయం ఉన్నవాడు ఇలాంటివాళ్ల చేతికి ఇంకా తేలిగ్గా చిక్కుతాడు. జోన్ పేరు చెప్పి ఎవరైనా డబ్బడిగితే పోలీసులకు చెప్పండి.

రైల్వే వైపు నుంచి జరగాల్సింది కూడా ఉంది. రైల్వేలోనే అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1లో 20 శాతం పోస్టులు కేటాయిస్తున్నారు. పని నేర్చుకున్న చేతులకు విలువ ఇవ్వాలన్న సూత్రం అక్కడ ఒప్పుకున్నారు. మరి అదే షెడ్లో, అదే యార్డులో కాంట్రాక్టు మీద పదేళ్లు పనిచేసినవాడి అనుభవాన్ని దేనికీ లెక్కలోకి తీసుకోకపోవడం ఏం న్యాయం? కోవిడ్ పేరుతో మూడేళ్లు సడలించగలిగినప్పుడు, ఇలాంటివాళ్లు కాంట్రాక్టు కింద చేసిన సర్వీసు మేరకు, కనీసం ఐదేళ్ల వరకు, వయసు సడలించడానికి అడ్డేముంది? దీనికి కొత్త పోస్టులు సృష్టించనక్కర్లేదు, నిబంధనలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు. జోన్ కోసం ఏళ్ల తరబడి గొంతెత్తిన ఉత్తరాంధ్ర ఎంపీలు, కార్మిక సంఘాలు వచ్చే లెవెల్-1 నోటిఫికేషన్ వెలువడేలోపే రైల్వే బోర్డు ముందు ఈ డిమాండ్ పెట్టాలి. నోటిఫికేషన్ వచ్చేశాక ఆ వాక్యాన్ని చేర్చడం ఎవరి తరమూ కాదు.