సుంకేసుల నీటికి రోజూ లెక్క, చేపకు ఎందుకు లేదు?

ఎండాకాలంలో కర్నూలు చుట్టుపక్కల గాలం వేసేవారిని ఎవరిని కదిలించినా చేపలు బాగానే పడుతున్నాయని చెబుతారు. ఏప్రిల్ చివరికి తుంగభద్ర సన్నని పాయలుగా చీలి, బండల నడుమ మడుగులు మాత్రమే మిగిలినప్పుడు, ఒక పూటలో మూడు నాలుగు కొరమీన్లు తగలడం వింతేమీ కాదు. దాన్ని చూసి నదిలో చేపకు కొదవ లేదనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. వానాకాలంలో మైళ్ల పొడవునా చెదిరి తిరిగిన చేపలన్నీ అప్పటికి ఆ కాసిన్ని మడుగుల్లోకి చేరి ఉంటాయి కాబట్టి, వాటి మొత్తం సంఖ్య సగానికి పడిపోయినా గాలానికి తగిలేవి వెంటనే తగ్గవు. తగ్గినట్టు మనకు తెలిసేనాటికి అక్కడ మిగిలేది చాలా కొద్ది.

తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంత, పైనుంచి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, అక్కడ మొదలయ్యే కేసీ (కర్నూలు-కడప) కెనాల్‌కు ఎన్ని వదులుతున్నారు అన్న వివరాలు రోజూ నమోదవుతాయి. చెరువుల్లో వదిలిన చేపపిల్లలకూ ఒక లెక్క ఉంటుంది. ఆదివారం పూట సరదాగా గాలం వేసి ఇంటికి పట్టుకెళ్లే చేప మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కదు. ఒక్కో మనిషి పట్టేది కొంచెమే అయినా, ఏడాది పొడవునా గట్టు మీద కూర్చునే వారందరిదీ కలిపితే అది పట్టించుకోనక్కరలేనంత చిన్నదని ఎవరూ అనలేరు. నా అభిప్రాయంలో ఆ లెక్కను గాలం పట్టినవారే రాయాలి, ఎందుకంటే వారంవారం అదే చోట, అదే ఎరతో నీటిని పరీక్షిస్తున్నది వారే.

రాయవలసింది కష్టమైనదేమీ కాదు. తేదీ, చోటు, ఎన్ని గాలాలు, ఎన్ని గంటలు, ఏ చేప, ఎంత పొడవు, ఆరోజు సుంకేసుల నీటిమట్టం. ఒక గాలానికి ఒక గంటలో ఎన్ని చేపలు పడ్డాయన్నదే మత్స్యశాస్త్రంలో మొదటి కొలత. ఏమీ పడని రోజులను కూడా తప్పకుండా రాయాలన్నది ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన నియమం. మనిషికి పెద్ద చేప పడిన రోజే గుర్తుంటుంది, ఉత్త చేతులతో తిరిగొచ్చిన నాలుగు ఆదివారాలు గుర్తుండవు. జ్ఞాపకం మీద ఆధారపడితే లెక్క ఎప్పుడూ ఉన్నదానికంటే మెరుగ్గానే కనిపిస్తుంది. ఇక పోల్చేటప్పుడు ఈ ఏడాది ఏప్రిల్‌ను నిరుటి ఏప్రిల్‌తో, అదీ నీటిమట్టం దాదాపు ఒకేలా ఉన్న రోజులతోనే పోల్చాలి. నీరు నిండిన ఆగస్టు పక్కన ఎండిన ఏప్రిల్‌ను పెట్టి చూస్తే తెలిసేది నీటి సంగతే తప్ప చేపల సంగతి కాదు.

సంఖ్య కంటే పొడవు ఎక్కువ విషయం చెబుతుంది. పడే చేపల సగటు పొడవు ఏటేటా కుంచించుకుపోతుంటే, గుడ్లు పెట్టే వయసుకు చేరకముందే చేప నీళ్లలోంచి బయటకు వస్తోందని అర్థం. అయితే ఈ మాట అన్ని చేపలకూ ఒకేలా వర్తించదు. బొచ్చె, రోహు వంటివి నిలవనీటి చెరువుల్లో వాటంతటవి గుడ్లు పెట్టవు, వాటికి వాననీటి వరద, ప్రవాహం కావాలి. 1957లో మత్స్యశాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఒడిశాలో చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించాకే మన చెరువులకు చేపపిల్లల సరఫరా సులువైంది. కాబట్టి ఒక చెరువులో చిన్న బొచ్చెలు విరివిగా కనిపిస్తే, అది ఆ ఏడు అక్కడ పిల్లలను వదిలారన్న సంగతినే చెబుతుంది, నీటి ఆరోగ్యాన్ని కాదు.

అందుకే నేను చూడమనేది కొరమీనును. ఇది మన మడుగుల్లో, చెరువు అంచు తుంగలో, కాలువ పక్క నాచులో తానే గుడ్లు పెట్టి పిల్లలను సాకే చేప. వానలు మొదలయ్యాక ఎర్రగా మెరిసే పిల్లలు గుంపుగా నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుని మళ్లీ మునుగుతుంటాయి, వాటి కిందనే కాపలాగా పెద్ద చేప తిరుగుతుంటుంది. ఆ గుంపు మధ్యలో ఎర పడితే, ఆకలి లేకపోయినా ఆ పెద్దచేప దాని మీద విరుచుకుపడుతుంది. ఈ సంగతి తెలిసిన గాలగాళ్లు ఆ గుంపులనే వెతుక్కుంటూ వెళ్తారు. అలా ఒక చేపను లాగేస్తే కాపలా లేని పిల్లలు ఇతర చేపలకూ కొంగలకూ ఆహారమవుతాయి. కాబట్టి ఒక చేప పోయినట్టు కనిపించినా పోయేది ఆ ఏటి సంతానం. దీన్నే లెక్కకు కూడా వాడుకోవచ్చు. జులై నుంచి అక్టోబరు వరకు ఒకే గట్టు మీద ఒకే దూరం నడిచి, కనిపించిన పిల్లల గుంపులను లెక్కపెట్టి రాసుకుంటే, గాలం వేయకుండానే వచ్చే ఏడాది చేప గురించి ముందే కొంత తెలుస్తుంది.

చేప ఒళ్లు ఎలా ఉందో చూడటానికి తక్కెడ చాలు. గ్రాముల్లో బరువును 100తో హెచ్చవేసి, సెంటీమీటర్లలో పొడవు ఘనంతో భాగించాలి. 40 సెం.మీ. చేప 640 గ్రాములు తూగితే 1 వస్తుంది, అంతే పొడవున్నది మరుసటి ఏడు 512 గ్రాములే తూగితే 0.8 వస్తుంది, అంటే చేప చిక్కిందన్నమాట. ఒకే జాతిని, ఒకే నెలలో మాత్రమే పోల్చాలి, ఎందుకంటే కడుపులో గుడ్లున్నప్పుడు బరువు సహజంగానే పెరుగుతుంది.

గుర్తు పెట్టి వదిలే పద్ధతి కూడా ఉంది. వంద చేపల రెక్క అంచు కొద్దిగా కత్తిరించి వదిలి, కొన్నాళ్లకు పట్టిన యాభైలో ఐదింటికి ఆ గుర్తు కనిపిస్తే, మొత్తం సుమారు వెయ్యి ఉన్నట్టు లెక్క. చుట్టూ కట్ట ఉన్న ఊరి చెరువుకు ఇది సరిపోతుంది. సుంకేసుల నుంచి కడప దాకా దాదాపు మూడు వందల కిలోమీటర్లు పారే కేసీ కెనాల్‌లో మాత్రం వదిలిన చేప ఎటు పోయిందో తెలియదు కాబట్టి, అక్కడ ఈ లెక్క పనికిరాదు.

కొరమీను ఒక్కటే సరిపోదని కూడా ఒప్పుకోవాలి. అది నేరుగా గాలి పీల్చుకోగలదు గనుక మురుగు నీటిలోనూ బతుకుతుంది. హంద్రీ నది కర్నూలు నగరం మురుగును మోసుకుని తుంగభద్రలో కలిసే చోట నీటిలో ప్రాణవాయువు ఎంతుందో తెలియాలంటే రోహు, పరిగెల వంటి వాటిని చూడాలి. నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గేది తెల్లవారుజామున. ఆ వేళకు ఇలాంటి చేపలు పైకి తేలి నోరు తెరుస్తున్నాయా లేదా అన్నది గట్టు మీదున్న ఎవరైనా చూడగలరు. పుస్తకంలో దానికీ ఒక గడి ఉండాలి.

ఈ లెక్క వల మీద బతికే మత్స్యకారులను నిందించడానికి వాడకూడదు. సరదాకు వచ్చినవారు తమ వంతు నష్టాన్ని రాయకుండా వలల కంటి సైజు గురించి మాట్లాడితే వినేవారుండరు. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నేరంగా చెప్పింది. అలాంటిది జరిగిందని నిరూపించాలన్నా, ఆ చోట అంతకుముందు చేప ఎంతుండేదో చూపించే రాత కావాలి. మత్స్యకార సహకార సంఘాలతో కలిసి ఒకే నమూనా పుస్తకాన్ని ఉంచుకోవడానికి సుంకేసుల, కర్నూలు నగరం దగ్గరి కేసీ కెనాల్ గట్టు, గాజులదిన్నె జలాశయం అనే మూడు చోట్లు మొదట చాలు. కాలువకు నీరు వదలకముందే, చేపలింకా మడుగుల్లో ఉన్నప్పుడే మొదటి నెల కొలతలు తీసుకుంటే, వచ్చే వేసవిలో పోల్చడానికి చేతిలో ఒక అంకె ఉంటుంది.