సవరణ: టవల్ ఆటలో కిస్‌మిస్ పెట్టొద్దు

మా కుక్కకు వాసన పట్టే ఆట ఎలా నేర్పానో పోయిన ఆదివారం రాశాను. పాత టవల్‌ను చాపలా చుట్టి, మడతల్లో తిండి దాచమన్నాను. అందులో "కిస్‌మిస్ అయినా పర్లేదు" అన్న మాట తప్పు. దయచేసి పెట్టకండి. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఒక కుక్కకు ఏమీ కాకపోవచ్చు, ఇంకోదానికి కొద్దిగా తిన్నా ప్రాణం మీదికి రావచ్చు. ఇంతవరకు పెట్టొచ్చు అనే లెక్కే లేదు. ఇప్పటికే తినిపించి ఉంటే, వాంతులు మొదలయ్యేదాకా చూడకుండా వెంటనే వెటర్నరీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. పీనట్ బటర్ పూసేవాళ్లు డబ్బా మీద జైలిటాల్ (చక్కెరకు బదులు వేసే తీపి పదార్థం) అని ఉందేమో చూసుకోండి, అదీ కుక్కలకు విషమే.

ఆట మాత్రం మానకండి. మే నెల మధ్యాహ్నం మా మియాపూర్‌లో తారు రోడ్డు మీద నడిపిస్తే కుక్క పాదాలు కాలిపోతాయి. ఆ టైంలో ఉడికించిన క్యారెట్ ముక్కలు దాస్తే, మాది ముక్కు టవల్‌లో దూర్చి బుసబుసమంటూ పది నిమిషాలు వెతుకుతుంది. తర్వాత చల్లటి గచ్చు మీద కాళ్లు చాపి పడుకుంటుంది. ఇదివరకు అదే టైంలో సోఫా మూల కొరికేది.

వాకింగ్‌కు బదులు ఇది చాలని కూడా రాశాను. అదీ సరికాదు, ఎండ తగ్గాక బయట తిప్పాల్సిందే.